పాత నావికా ఆసుపత్రుల ఆవరణల్లో ఇళ్లుగా మారుతున్న లాండ్రీలు, గుర్రపుశాలలు, బాయిలర్ గదులు: కొనేముందు, మార్చేముందు ఏం చూడాలి?

సోలెంట్_గాలి:
ఇంగ్లండ్‌లో రాయల్ నేవీ కట్టిన పాత ఆసుపత్రుల్లో మూడు ఇళ్ల బాట పట్టాయి. గ్రేట్ యార్మత్ 1993లో, ప్లిమత్‌లోని స్టోన్‌హౌస్ 1995లో, గోస్‌పోర్ట్‌లోని హాస్లర్ 2009లో మూతపడ్డాయి. పోర్ట్స్‌మత్, సౌతాంప్టన్ వైపు మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి వీటి గురించి వాకబు చేసేవాళ్లూ పెరుగుతున్నారు.

పెద్ద వార్డు భవనాల్లోని ఫ్లాట్ల గురించి ఏజెంట్లు బోలెడు చెబుతారు. వెనకవైపు ఉండే చిన్న భవనాల సంగతి అడిగితే సమాధానం దొరకదు. లాండ్రీ, గుర్రపుశాల, బాయిలర్ గది, శవాగారం, అంటురోగుల వార్డు లాంటివి అన్నమాట. వీటికి లిస్టెడ్ (చారిత్రక కట్టడాల రక్షణ జాబితాలో చేరిన) భవనాల నిబంధనలు వర్తిస్తాయా? గోడల్లో చెమ్మకు ఏం చేయాలి? చలికి ఎంత మందం ఇన్సులేషన్ వేయొచ్చు? ఆవరణ ఖర్చులు ఎవరి నెత్తిన పడతాయి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, అందరికీ పనికొస్తుంది.

పాతగోడలు:
అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటే: ఆ భవనం ఒకప్పుడు ఏ పని చేసింది? చెమ్మ, ఉప్పు, విషపదార్థాలు, పునాది లోతు, నేల వాలు, అన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి. "18వ శతాబ్దపు అందమైన ఇటుక కట్టడం" అన్న మాట సర్వేకి పనికిరాదు.

ఇన్ని చిన్న భవనాలు ఎందుకున్నాయో కొంచెం చెబుతాను. హాస్లర్ నిర్మాణం 1746లో మొదలైంది, 1753లో మొదటి రోగులు చేరారు, 1762కి పూర్తయింది. థియోడర్ జేకబ్సెన్ నాలుగు వైపులా మూసిన చతురస్రంగా గీశాడు గానీ ఖర్చు తట్టుకోలేక మూడు వైపులే కట్టారు. స్కర్వీ మీద ప్రయోగాలు చేసిన జేమ్స్ లిండ్ 1758 నుంచి అక్కడ వైద్యుడు. దాదాపు అదే కాలంలో కట్టిన స్టోన్‌హౌస్ పద్ధతి వేరు. వార్డులన్నీ ఒకే కప్పు కింద పెట్టకుండా మూడంతస్తుల విడివిడి భవనాలుగా ఒక మైదానం చుట్టూ నిలబెట్టారు, స్తంభాల నడవాతో కలిపారు. ఒక వార్డు గాలి ఇంకో వార్డులోకి పోకూడదన్నది లెక్క. 1787లో ఫ్రాన్స్ నుంచి వైద్యుడు జాక్ టెనాన్, శాస్త్రవేత్త కూలంబ్ వచ్చి చూసి బాగా మెచ్చుకున్నారు. అంటురోగులను దూరంగా, పొగను దూరంగా, మురికి బట్టలను ఇంకా దూరంగా పెట్టాలన్న ఆ ఆలోచనే ఆవరణ నిండా చిన్న భవనాలు లేవడానికి కారణం. వాటిలో చాలా భాగం 19వ శతాబ్దంలో చేర్చినవే. అందుకే ఒకే ఆవరణలో గోడ మందం, సున్నం రకం, పునాది లోతు ఏ రెండు భవనాలకూ కలవవు.

ఇంకో తేడా. హాస్లర్ ఇటుక, స్టోన్‌హౌస్ ప్లిమత్ బూడిదరంగు సున్నపురాయి. రాతిగోడ గురించి రాసిన సలహాను ఇటుకగోడకు అప్పజెప్పకండి.

డెవాన్_తెలుగు:
లిస్టింగ్ సంగతి ఎవరైనా చెప్పండి. జాబితాలో "ఆసుపత్రి ప్రధాన భవనం" అని మాత్రమే ఉంటే వెనకున్న షెడ్డుకు అనుమతి అక్కర్లేదనే కదా?

లీజులెక్కలు:
అక్కర్లేదనుకుని చేసినవాళ్లే ఇరుక్కుంటారు. 1990 నాటి లిస్టెడ్ భవనాల చట్టం సెక్షన్ 1(5) ప్రకారం, లిస్టెడ్ భవనం ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడం కూడా ఆ లిస్టెడ్ భవనంలో భాగమే. దీన్నే కర్టిలేజ్ లిస్టింగ్ అంటారు. పేరు జాబితాలో ప్రత్యేకంగా ఉండాల్సిన పని లేదు. ప్రహరీగోడ కూడా అందులోకే వస్తుంది.

ఆవరణలో భాగమా కాదా అని తేల్చడానికి చూసేవి మూడు: రెండు కట్టడాల మధ్య దూరం, అమరిక; అప్పటి, ఇప్పటి యాజమాన్యం; అప్పటి, ఇప్పటి వాడకం. ప్రధాన భవనాన్ని లిస్ట్ చేసిన రోజు ఉన్న పరిస్థితే లెక్కలోకి వస్తుంది. తర్వాత డెవలపర్ ముక్కలుగా అమ్మేసినా ఆ హోదా పోదు. ఆసుపత్రి లాండ్రీ ఆసుపత్రికి అనుబంధంగానే పనిచేసింది కాబట్టి తప్పించుకునే దారి దాదాపు లేనట్టే.

రెండు విషయాలు గట్టిగా గుర్తుంచుకోండి. గ్రేడ్ 2 అయినా లోపలి భాగాలకూ రక్షణ ఉంటుంది, బయటి ముఖానికి మాత్రమే కాదు. లాండ్రీ గోడకున్న మెరుపు ఇటుకలు, గుర్రపుశాలలోని ఇనుప గాటిపెట్టెలు తీసేయాలన్నా అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేసిన పని సెక్షన్ 9 కింద నేరం. సరిదిద్దమని నోటీసు ఇవ్వడానికి కౌన్సిల్‌కు కాలపరిమితి లేదు. ఆ నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది. 20 ఏళ్ల కింద ఎవరో చెక్క కిటికీలు పీకి ప్లాస్టిక్ కిటికీలు పెట్టి ఉంటే, కొన్న మీరే మార్చాల్సి రావొచ్చు. మీ సొలిసిటర్‌ను పాత అనుమతుల డ్రాయింగులు తెప్పించమనండి. చేతిలో పట్టుకుని గదిగదికీ తిరిగి సరిపోల్చండి. డ్రాయింగులో ఉన్న తలుపు గోడలో లేకపోతే అక్కడే ఆగండి.

గానుగసున్నం:
చెమ్మ గురించి నేను రాస్తాను. ఈ భవనాల్లో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

సర్వేయర్ రెండు ముళ్ల మీటరు గోడకు గుచ్చి ఎర్రలైటు చూపిస్తాడు, "నేల నుంచి చెమ్మ ఎక్కుతోంది, ఇంజెక్షన్ చేయించాలి" అంటాడు, అంటే చెమ్మ ఎక్కకుండా గోడలోకి రసాయనం ఎక్కించడం. ఆ మీటరు కొలిచేది విద్యుత్ వాహకత. దాని అంకెలు చెక్కకు తయారుచేసినవి. గోడలో ఉప్పు ఉంటే గోడ ఎండగానే ఉన్నా ఎర్రలైటే వెలుగుతుంది.

సముద్రం ఒడ్డు కాబట్టి క్లోరైడ్లు ఎలాగూ ఉంటాయి. గుర్రపుశాల అయితే దశాబ్దాల మూత్రం వల్ల నైట్రేట్లు చేరతాయి. పొగగొట్టం గోడలో సల్ఫేట్లు. వీటిలో క్లోరైడ్లు, నైట్రేట్లు గాలిలోని తేమను లాక్కుంటాయి. మామూలు ఉప్పు గాలి తేమ 75 శాతం దాటగానే నీరవుతుంది. కాల్షియం నైట్రేట్‌కు అంత కూడా అక్కర్లేదు, 50 శాతం పైచిలుకుకే తడుస్తుంది. బయట వాన లేదు, పైపు లీకు లేదు, అయినా ముసురు పట్టిన రోజున గోడ మీద తడిమచ్చ లేచి, ఎండ కాస్తే మాయమవుతుందంటే అది నేల చెమ్మ కాదు, ఉప్పు. అలాంటి గోడకు ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా మచ్చ పోదు.

పక్కాగా తెలుసుకోవాలంటే గోడలోంచి పొడి తీయించాలి. 9 మి.మీ. డ్రిల్ బిట్‌తో, తక్కువ వేగంతో, కనీసం 80 మి.మీ. లోతు వరకూ. వేగం పెంచితే వేడికి తేమ ఆవిరైపోయి లెక్క తప్పుతుంది. పై 10 మి.మీ. పొడి పారేయండి. కింది నుంచి పైకి మూడు ఇటుక వరసలకొకటి చొప్పున నమూనాలు, గాలి చొరబడని సీసాల్లో. ల్యాబులో ముందు తూకం వేస్తారు, తర్వాత 75 శాతం తేమ గాలిలో ఉంచి తూస్తారు, చివరికి ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తారు. మొత్తం తేమ, ఉప్పు సొంతంగా పీల్చుకునే తేమ, రెండు అంకెలు వస్తాయి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే దోషం ఉప్పుది. మొత్తం తేమ చాలా ఎక్కువై, కిందికి పోయేకొద్దీ పెరుగుతుంటే అప్పుడు నీరు నిజంగానే వస్తోందని అర్థం. అప్పుడు కూడా ముందు చూడాల్సింది బయటి నేలమట్టం, గట్టర్, వాననీటి గొట్టం. ఇంజెక్షన్ ఆఖరి మాట.

డెవాన్_తెలుగు:
ఉప్పు అని తేలితే చేయాల్సిందేంటి? గోడ కడిగేస్తే పోతుందా?

గానుగసున్నం:
కడగొద్దు! నీళ్లు పోస్తే పైనున్న ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

సిమెంటు ప్లాస్టర్ గానీ జిప్సం ప్లాస్టర్ గానీ ఉంటే మచ్చ కనిపించే ఎత్తు కంటే అర మీటరు పైదాకా చెక్కేయండి. ఇటుక మీద తెల్లగా లేచిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి వాక్యూమ్‌తో లాగేయండి, కింద రాలనివ్వొద్దు. ఆ తర్వాత మెత్తటి సున్నపు పూత ఒకటి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల గరుకు ఇసుకతో, కేవలం ఉప్పు పీల్చుకోవడానికే వేస్తారు. ఏడాది, రెండేళ్లు అలా వదిలేస్తే ఉప్పు ఈ పూతలోకి వస్తుంది, పూత పొడిపొడిగా రాలుతుంది. అది రాలడం మంచిదే, ఇటుక బతికిందని అర్థం. దాన్ని చెక్కేసి అసలు పూత వేయాలి. ఉప్పు మరీ ఎక్కువైతే రెండుమూడు సార్లు చేయాలి.

అంత ఆగలేనివాళ్లు గోడకు తగలకుండా 50 మి.మీ. ఖాళీ వదిలి చెక్క ఫ్రేము నిలబెట్టి, ఆ ఖాళీకి పైనా కిందా గాలి దారి పెట్టి లోపలి గోడ కట్టుకుంటారు. గుర్రపుశాలలకు అది నిజాయితీ గల పరిష్కారమే, గది కొంచెం చిన్నదవుతుంది అంతే.

బయట పాయింటింగ్, అంటే ఇటుకల మధ్య అతుకులు నింపే పని సంగతి. సముద్రపు గాలికి గట్టిగా ఉంటుందని సిమెంటు కుక్కిన ఇటుకగోడలు దగ్గరగా చూడండి: సిమెంటు గీతలు నిలువునా ఉబ్బి నిలబడి ఉంటాయి, మధ్యలో ఇటుక ముఖం పొరలుగా రాలి గుంటపడి ఉంటుంది. అతుకులోంచి బయటపడాల్సిన తేమ, ఉప్పు దారిలేక ఇటుకలోంచి బయటపడ్డాయన్నమాట. సరైన పద్ధతి ఏమిటంటే, అతుకు వెడల్పుకు రెట్టింపు లోతు, కనీసం 20 నుంచి 25 మి.మీ., ఉలితో తీయాలి. గ్రైండర్ పెట్టొద్దు, సన్నటి అతుకుల్లో అది ఇటుక అంచులను కోసేస్తుంది. మెత్తటి ఇటుకకు ఎన్‌హెచ్‌ఎల్ (నీటితో గట్టిపడే సహజ సున్నం, అంకె పెరిగేకొద్దీ గట్టిది) 2, గాలివాన నేరుగా తగిలే గోడకు ఎన్‌హెచ్‌ఎల్ 3.5. అందరూ 5 వేసేస్తారు, అది పాత ఇటుకకు మరీ గట్టి. 5 డిగ్రీల లోపు చలిలో పని చేయొద్దు. తడి గోనెపట్టా కొన్ని రోజులు కప్పి ఉంచాలి. మన ఊళ్లలో గానుగ సున్నంతో కట్టిన గోడకు మేస్త్రీలు రోజూ నీళ్లు చల్లేది కూడా ఇందుకే, తొందరగా ఆరితే సున్నం పట్టదు.

సోలెంట్_గాలి:
చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు చలి సంగతి. పాతగోడలు గారూ, ఒకటిన్నర ఇటుక మందం గోడకు లోపల ఎంత వేయొచ్చు? బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో యూ విలువ (గోడలోంచి వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.30 రావాలంటున్నారు.

పాతగోడలు:
లెక్క ఇదిగో. 340 మి.మీ. ఇటుకగోడ, లోపల పూతతో కలిపి యూ విలువ సుమారు 1.56. లోపల 40 మి.మీ. చెక్కనార బోర్డు వేస్తే 0.61కి దిగుతుంది. 60 మి.మీ. అయితే 0.47. 0.30 అందుకోవాలంటే దాదాపు 110 మి.మీ. కావాలి. చూశారుగా, 0.30 దాకా వచ్చే లాభంలో దాదాపు నాలుగింట మూడొంతులు మొదటి 40 మి.మీ. లోనే వచ్చేసింది. తర్వాత వేసే ప్రతి అంగుళానికీ ఫలితం తగ్గుతూ, ప్రమాదం పెరుగుతూ పోతుంది.

ఆ ప్రమాదం దూలాల కొనల దగ్గర ఉంటుంది. నేల దూలాలు గోడలోకి దూరి కూర్చుంటాయి. ఇన్నాళ్లూ గదిలోని వేడి గోడలోకి పోయి ఆ కొనలను ఎండబెట్టింది. లోపల మందంగా ఇన్సులేషన్ వేస్తే గోడ చల్లబడుతుంది, వానకు తడిసిన ఇటుక ఆరదు, చెక్కలో తేమ 20 శాతం పైన నిలబడిపోతుంది. పుచ్చడం అక్కడే మొదలవుతుంది, పైనుంచి ఏమీ కనిపించదు. నైరుతి గాలివాన నేరుగా కొట్టే సముద్రతీరంలో 40 దాటకపోవడమే నా సలహా, గట్టర్లు, పాయింటింగ్ బాగుచేశాక మాత్రమే. దూలం గోడలోకి దూరే చోట గాలి పోకుండా చుట్టూ టేపుతో మూయండి, గదిలోని తేమ గాలి ఆ సందులోకి పోకూడదు.

0.30 గురించి భయపడనక్కర్లేదు. భవన స్వభావం దెబ్బతినేటట్టయితే లిస్టెడ్ భవనాలకు ఆ మేరకు సడలింపు ఉంది. కానీ దాన్ని నోటిమాటగా వదిలేయకుండా లెక్కలతో రాసి బిల్డింగ్ కంట్రోల్‌కు ఇవ్వాలి. అల్యూమినియం రేకు అంటించిన ఫోమ్ బోర్డును గోడకు నేరుగా అతికించే పని మాత్రం వద్దే వద్దు. తేమకు తిరుగుదారి ఉండదు.

ఒక మెలిక: గానుగసున్నం గారు చెప్పిన ఉప్పు గోడకు చెక్కనార బోర్డు అతికించకూడదు, ఉప్పు బోర్డులోకి ఎక్కుతుంది. ఉప్పు పరీక్ష ముందు, ఇన్సులేషన్ తర్వాత.

కిర్లోస్కర్_కాదు:
నేలకు వద్దాం. లాండ్రీ నేల కాలువ వైపు వాలుగా ఉంటుంది, కింద ఆవిరి పైపుల కందకం ఉంటుంది. సమతలం చేయడానికి అందరూ కాంక్రీటు పోసేస్తారు. కింద ప్లాస్టిక్ షీటు వేయడం వల్ల నేలలోని తేమ పక్కకు తిరిగి గోడల్లోకి ఎక్కుతుంది. అప్పటిదాకా ఎండగా ఉన్న గోడ తడిసే ప్రమాదం ఉంది.

సున్నపు కాంక్రీటు నేల వరస కింది నుంచి: జియోటెక్స్‌టైల్ బట్ట, 150 మి.మీ. నురుగుగాజు కంకర దిమ్మిస కొట్టి, మళ్లీ బట్ట, దానిపై 100 మి.మీ. ఎన్‌హెచ్‌ఎల్ 5 తో సున్నపు కాంక్రీటు, ఆపైన నేలవేడి పైపులతో 75 మి.మీ. స్క్రీడ్ (సమతలం చేసే పై పొర). పలకలు కాకుండానే మొత్తం 325 మి.మీ. అంటే అంత లోతు తవ్వాలి. ఇక్కడే ప్రమాదం. చిన్న భవనాల పునాదులు చాలాసార్లు అడుగు, అడుగున్నర లోతులోనే ఆగిపోతాయి. గోడ వెంబడి పునాది అడుగు దాకా తవ్వేస్తే గోడ కూర్చుంటుంది. ముందు రెండుమూడు చోట్ల పరీక్ష గుంటలు తవ్వించి చూడాలి. పునాది అడుగు కంటే లోతుకు పోవాల్సి వస్తే అక్కడి నుంచి 45 డిగ్రీల గీత లోపల తవ్వకూడదు. లోతు చాలకపోతే నేలమట్టం పెంచుకోవడమే, తలుపు ఎత్తు చాలుతుందా అన్నది ఇంజనీరుతో ముందే తేల్చుకోండి. పాత భవనాల గుర్తింపు ఉన్న ఇంజనీర్ల జాబితా కేర్ అని ఉంది, అందులోంచి పట్టుకోండి.

పాతగోడలు:
ఆ ఆవిరి కందకం గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. పైపుల చుట్టూ ఉండే పాత తొడుగు ఆస్‌బెస్టాస్ కావడానికి చాలా అవకాశం ఉంది. బ్రిటన్‌లో పూర్తి నిషేధం వచ్చింది 1999లో. అమ్మేవాళ్లు చూపించే మేనేజ్‌మెంట్ సర్వే పైకి కనిపించేవాటికి మాత్రమే. పని మొదలుపెట్టేవాళ్లకు కావాల్సింది రిఫర్బిష్‌మెంట్ అండ్ డిమాలిషన్ సర్వే, అంటే కందకం మూతలు ఎత్తి, గోడలు తెరిచి చూసేది. తొడుగు తీసే పని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. కందకం అడుగున రాలిన పొడి మట్టిలో కలిసి ఉంటుంది, దాన్ని తీసేయడం కూడా కోటేషన్‌లో ఉందో లేదో చదవండి. చాలా కోటేషన్లలో ఉండదు.

బాయిలర్ గది అయితే బొగ్గు బూడిద, నూనె ట్యాంకు కింద మట్టి పరీక్ష చేయించాలి. ఎక్స్‌రే గది అయితే గోడల్లో సీసపు రేకు గానీ బేరియం పూత గానీ ఉంటుంది. సైనిక స్థలాల్లో రేడియం పూసిన పరికరాల వ్యర్థాలు భూమిలో కలిసిన ఉదాహరణ స్కాట్లాండ్‌లోని డాల్గెటీ బే. అందుకే నేవీ స్థలానికి డెస్క్ స్టడీ (పాత పటాలు, రికార్డులు చూసి నేల చరిత్ర రాసే నివేదిక) చేసేవాళ్లు ఆ మాట కూడా రాయాలి. రాయకపోతే అడగండి.

అంటురోగుల వార్డు అంటే జనం భయపడతారు, జబ్బుల గురించి. అసలు సమస్య అది కాదు. గాలి ఆరపార పోవాలని ఎదురెదురుగా పెద్ద కిటికీలు, ఎత్తైన కప్పు, కప్పు నడినెత్తిన గాలిగూళ్లు పెట్టారు. వేడి నిలవకుండా కట్టిన గదిలో వేడి నిలపాలన్నమాట. గాలిగూళ్లను బయటికి అలాగే ఉంచి లోపల మూసే మూతలు పెట్టాలి. కప్పు కిందికి దింపితే కిటికీ పైభాగం అడ్డంగా తెగి కనిపిస్తుంది, దానికి అనుమతి రాదు.

చప్పుడు_వద్దు:
ఒకే భవనం రెండు మూడు ఇళ్లయితే శబ్దం. పాత భవనాన్ని ఇళ్లుగా మార్చినప్పుడు గోడలకు, అంతస్తులకు గాలి శబ్దం అడ్డు కనీసం 43 డెసిబెల్, అడుగుల చప్పుడు 64 మించకూడదు. కొత్త ఇళ్లకు 45, 62. దూలాల మధ్య 100 మి.మీ. ఖనిజ ఉన్ని, కింద స్ప్రింగ్ బార్లకు రెండు పొరల 15 మి.మీ. శబ్ద ప్లాస్టర్‌బోర్డు, పైన తేలే నేల. ఇంత చేసినా పరీక్షలో ఫెయిలయ్యేది పక్క గోడల వల్ల: పై ఇంటికీ కింది ఇంటికీ ఒకే ఇటుకగోడ పోతుంది, చప్పుడు దాని వెంటే దిగుతుంది. పాత పొగగూడు రెండిళ్లకు ఉమ్మడిగా తెరిచి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోండి, మీ ఇంటికి చేసిందా లేక "ఇలాంటి ఇంకో ఇంటికి" చేసిందా అని కూడా చూడండి. నమూనాగా కొన్నిటికే చేస్తారు.

డెవాన్_తెలుగు:
కిటికీలకు డబుల్ గ్లాస్ వేయనిస్తారా?

గానుగసున్నం:
పాత ఊదుడు గాజు మిగిలి ఉంటే దాదాపు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. లోపలివైపు రెండో కిటికీ పెట్టుకోండి. చప్పుడు కూడా తగ్గాలంటే రెంటి మధ్య 100 నుంచి 150 మి.మీ. ఖాళీ ఉండాలి.

గాజు తర్వాతి కాలంలో మార్చిందైతే కొన్నిచోట్ల సన్నటి డబుల్ గ్లాస్‌కు ఒప్పుకుంటారు. అప్పుడు అందరూ మరిచిపోయేది తూకం బరువులు. జారుడు కిటికీ పక్క పెట్టెల్లో తాళ్లకు వేలాడే ఇనుప బరువులు ఉంటాయి కదా. 4 మి.మీ. గాజు చదరపు మీటరుకు 10 కిలోలు, రెండు పొరలైతే 20. గాజు 0.6 చదరపు మీటర్లు, చెక్క 5 కిలోలు అనుకుంటే పలక మొత్తం 11 నుంచి 17 కిలోలకు పోతుంది. ఒక్కో వైపు బరువు 5.5 నుంచి 8.5 కావాలి. మార్చకపోతే పై పలక జారి కిందికి వస్తుంది, కింది పలక ఎత్తలేరు. పై పలకకు బరువు పావుకిలో ఎక్కువ, కింది పలకకు పావుకిలో తక్కువ పెడితే రెండూ మూసిన చోట బిగుతుగా నిలుస్తాయి. పెట్టెలో పొడవు చాలదు కాబట్టి ఇనుము బదులు సీసం వాడతారు. అదే పరిమాణంలో సీసం ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. పలకను విప్పి, కొత్త గాజుతో త్రాసు మీద పెట్టి తూచాకే బరువులు చేయించండి.

కిర్లోస్కర్_కాదు:
కప్పు చూసేటప్పుడు పారాపెట్ (కప్పు అంచు పిట్టగోడ) వెనక సీసపు కాలువలు మర్చిపోవద్దు. కోడ్ 5 సీసం, 2.24 మి.మీ. మందం, ఒక్కో ముక్క 2 మీటర్లకు మించకూడదు. ముక్కకూ ముక్కకూ మధ్య కనీసం 50 మి.మీ. మెట్టు ఉండాలి. పొడుగు ముక్కలు వేస్తే ఎండకు వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుని, మధ్యలో మడతపడి చీలుతుంది. చీలిన చోట టేపు అతికించి ఉంటే ఆ కాలువ మొత్తం మార్చాల్సిందేనని లెక్కేసుకోండి. దాని కింద దూలం కొన ఎలా ఉందో కూడా చూడండి.

లీజులెక్కలు:
ఖర్చుల సంగతి. ఈ ఆవరణల్లో ఎత్తైన ప్రహరీ (నావికులు పారిపోకుండా కట్టింది), రోడ్లు, మురుగు గొట్టాలు, తోటలు, నడవాలు ఉంటాయి. ఆవరణలో రోడ్లు కౌన్సిల్‌వి కాకపోవచ్చు. హాస్లర్ సోలెంట్ ఒడ్డునే ఉంది కాబట్టి సముద్రపు గోడ మరమ్మతు ఎవరిదన్నది కాగితం మీద చూడకుండా సంతకం చేయకండి.

లీజు ఇల్లయితే, ఒక్కో లీజుదారుపై 250 పౌండ్లు దాటే మరమ్మతుకు సెక్షన్ 20 కింద ముందే సంప్రదించాలి. లేకపోతే సాధారణంగా ఆ 250కి మించి వసూలు చేయలేరు. గుర్రపుశాల లాంటివి తరచూ ఫ్రీహోల్డ్‌గా అమ్ముతారు. ఫ్రీహోల్డ్ అనగానే నిశ్చింత అనుకోకండి. ఎస్టేట్ రెంట్‌చార్జ్ (ఆవరణ నిర్వహణకు ఫ్రీహోల్డ్ ఇంటి మీద పడే వసూలు) ఉంటే ఆ రక్షణ వర్తించదు. పైగా 1925 ఆస్తి చట్టం సెక్షన్ 121 ప్రకారం 40 రోజులు బకాయి పడితే రెంట్‌చార్జ్ యజమాని మీ ఇంటి మీద లీజు సృష్టించగలడు. అందుకే చాలా బ్యాంకులు ఆ సెక్షన్‌ను వదులుకుంటున్నట్టు పత్రం అడుగుతాయి. అది లేకుండా కొంటే రేపు మీరు అమ్మేటప్పుడు ఆ తలనొప్పి మీదే.

ఇన్సూరెన్స్ మార్కెట్ ధరకు కాదు, అదే ఇటుకతో అదే సున్నంతో తిరిగి కట్టే ఖర్చుకు చేయించాలి. లిస్టెడ్ భవనాల్లో ఆ అంకె కొన్న ధరను దాటిపోవడం మామూలే.

పన్నులేఖరి:
సొంతంగా మార్చుకునేవాళ్లకు వ్యాట్. లిస్టెడ్ భవనాల అనుమతి పనులపై సున్నా వ్యాట్ 2012 అక్టోబర్ 1 నుంచి లేదు. చాలామంది ఇంకా ఉందనుకుంటారు. ఇళ్లు కాని భవనాన్ని ఇల్లుగా మారిస్తే కాంట్రాక్టర్ 5 శాతం వేయాలి. ఆ 5 శాతాన్ని డీఐవై స్కీమ్ (సొంతంగా ఇల్లు కట్టుకునే, మార్చుకునేవాళ్లకు వ్యాట్ వాపసు పథకం) కింద పని పూర్తయిన 6 నెలల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. కాంట్రాక్టర్ తెలియక 20 వేసి, మీరు కట్టేస్తే ఎక్కువ కట్టిన 15 శాతాన్ని ప్రభుత్వం ఇవ్వదు, కాంట్రాక్టర్ దగ్గరే రాబట్టుకోవాలి. కాబట్టి కోటేషన్ దశలోనే తేల్చండి. ఆర్కిటెక్టు, సర్వేయర్ ఫీజుల మీద వ్యాట్ తిరిగి రాదు.

ఆవరణలోని వైద్యాధికారుల ఇళ్ల లాంటివాటిలో జాగ్రత్త. గత పదేళ్లలో ఎవరైనా నివసించి ఉంటే అది "ఇల్లు కాని భవనం" కిందికి రాదు. రెండేళ్లుగా ఖాళీగా ఉన్నట్టు రుజువుంటే 5 శాతం మాత్రం దక్కుతుంది. కౌన్సిల్ నుంచి ఖాళీ ధ్రువీకరణ ముందే తీసిపెట్టుకోండి.

సోలెంట్_గాలి:
ఒకటే మిగిలింది. ఇన్ని సర్వేలు ఏ వరసలో చేయించాలి? ఒకదాని కోసం ఇంకోటి ఆగాల్సి వస్తుందా?

పాతగోడలు:
ఆగాల్సి వచ్చేవి రెండు, గబ్బిలాలు, భూమి.

కప్పులు తెరవబోతుంటే గబ్బిలాల ప్రాథమిక పరిశీలన ఏడాదిలో ఎప్పుడైనా చేయొచ్చు. జాడ కనబడితే మాత్రం సాయంత్రాలు అవి బయటికి వచ్చేది చూసే సర్వే మే నుంచి సెప్టెంబర్ దాకానే కుదురుతుంది. అక్టోబర్‌లో తెలిస్తే వచ్చే వేసవి దాకా కప్పు ముట్టలేరు. గూడు పాడుచేయాల్సి వస్తే నేచురల్ ఇంగ్లండ్ లైసెన్సు కూడా కావాలి. కాబట్టి ప్రాథమిక పరిశీలన చలికాలం చివర్లోనే చేయించి, మే నెలకు మనుషులను ముందే మాట్లాడుకోండి.

భూమి సంగతి హాస్లర్‌లో మరీ ముఖ్యం. క్లేహాల్ శ్మశానం రాకముందు వేలమంది నావికులను, సైనికులను ఆసుపత్రి ఆవరణలోనే గుర్తుల్లేకుండా పూడ్చారు. మురుగు గొట్టానికి కందకం తవ్వాలన్నా పురావస్తు షరతు ఉండొచ్చు. తవ్వుతున్నంతసేపు నిపుణుడు పక్కన నిలబడి చూడాలి. ఎముకలు బయటపడితే పని ఆపాలి, న్యాయశాఖ లైసెన్సు లేకుండా కదపకూడదు. వాళ్లు యుద్ధాల్లో, జ్వరాల్లో పోయిన మనుషులు, ఆ మర్యాద దక్కాల్సిందే. ఖర్చు తగ్గించుకోవాలంటే గొట్టాలను వీలైనంతవరకు పాత గొట్టాల దారిలోనే వేయించండి. అక్కడ మట్టి ముందే తవ్వి ఉంటుంది, కొత్తగా కదిలేది తక్కువ.

మిగతా వరస ఇది. కొనేముందు మూడో స్థాయి ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల సంస్థ) సర్వే, అంటే అన్నిటికంటే వివరమైనది, పాత భవనాల గుర్తింపు ఉన్నవాళ్లతో, దానితోపాటు పాత అనుమతుల డ్రాయింగులు. రెండో స్థాయి సర్వే వీటికి చాలదు. ఆ వెంటనే ఆస్‌బెస్టాస్, డెస్క్ స్టడీ, పరీక్ష గుంటలు ఒకే వారంలో పెట్టుకోవచ్చు, మనుషులు ఎలాగూ సైటులో ఉంటారు. ఉప్పు నమూనాలు మాత్రం వేడి పెట్టని, మూసి ఉన్న భవనంలో తీయించండి. డీహ్యూమిడిఫయర్ నడిపిన గదిలో తీసిన నమూనా తడిగోడను కూడా ఎండగా చూపిస్తుంది. చూడటానికి వెళ్లినప్పుడు మూలన ఆ మిషన్ గానీ, దాని నీళ్ల గొట్టం సింకులోకి పోతూ గానీ కనిపిస్తే ఎన్నాళ్ల నుంచి నడుస్తోందో అడగండి, ఆపించి మూడు వారాల తర్వాత మళ్లీ కొలిపించండి.